పందికూరకు ప్రాణం పోసే పులుపు

కొడగు కొండల్లో అడవిపండు, గోవా తీరాన కొబ్బరికల్లు, నాగభూమిలో వెదురు కొమ్ము. మాంసం ఒకటే అయినా దానికి రుచినిచ్చే చెట్టు ఒక్కొక్క సీమకు ఒక్కొక్కటి.

పంది మాంసం పేరెత్తితే మన దేశంలో చాలా ఇండ్లలో సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. మతం నిషేధించినందున కొందరు, కులాచారం కానందున కొందరు, వీధుల్లో తిరిగే పందిని చూచి ఏవగించుకొని మరికొందరు దానిని దూరంగా ఉంచారు. అయితే ఇదే దేశంలో పెండ్లి విందుకైనా, పండుగ భోజనానికైనా పంది మాంసం లేకపోతే వెలితిగా భావించే సీమలు కూడా ఉన్నాయి. 2019 నాటి పశుగణన ప్రకారం దేశంలో సుమారు 90 లక్షల పందులు ఉండగా, అందులో 21 లక్షలు ఒక్క అస్సాంలోనే ఉన్నవి.

ఈ మాంసాన్ని ఎన్నడూ రుచి చూడని పాఠకుడికి కూడా దాని వంట వెనుకనున్న కథ ఆసక్తి కలిగించక మానదు. పంది మాంసంలో కొవ్వు హెచ్చు. నాలుగు ముక్కలు తినేసరికి నాలుకకు జిడ్డు పట్టి మొహం మొత్తుతుంది. ఆ జిడ్డును విరవడానికి ఏదో ఒక పులుపు కావాలి. జర్మనులు పులియబెట్టిన క్యాబేజీతో తింటారు. ఆంగ్లేయులు ఉడికించిన పుల్లని ఆపిల్ గుజ్జును పక్కన పెట్టుకుంటారు. గోంగూరలోను, చింతచిగురులోను మాంసం వండుకునే తెలుగువారికి ఈ సూత్రాన్ని వేరే వివరించనక్కర లేదు.

విచిత్రమేమంటే, మన దేశంలో పంది మాంసం వండే ప్రతి సీమా తన పులుపును తన నేలమీది చెట్టునుంచే తీసుకున్నది. అందుచేత ఆ వంటల వెంట ప్రయాణించడమంటే ఆ చెట్ల వెంట ప్రయాణించడమే.

కొడగు: నల్లని పులుపు

మైసూరు నుంచి మడికేరికి దాదాపు 120 కిలోమీటర్లు. కుశాలనగరం దాటిన తరువాత దారి కొండ ఎక్కడం ఆరంభిస్తుంది. ఇరుప్రక్కలా నీడచెట్ల కింద కాఫీ తోటలు, ఆ నీడచెట్ల బోదెలకు ఎగబ్రాకిన మిరియాల తీగలు. ఈ తోటల అంచుల్లోను, పడమటి కనుమల సతతహరితారణ్యాల్లోను పెరిగే ఒక చెట్టుకు వృక్షశాస్త్రజ్ఞులు గార్సీనియా గుమ్మిగట్టా అని పేరు పెట్టారు. దాని పండు బుల్లి గుమ్మడికాయ వలె గాడులు తీరి, పండినప్పుడు పసుపుపచ్చగా ఉంటుంది. కేరళీయులు దాని తొక్కను ఎండబెట్టి, పొగబెట్టి చేపల పులుసులో వేసుకుంటారు. కొడవలు మాత్రం దాని రసాన్ని కాచుకుంటారు.

వానకాలంలో రాలిన పండ్లను ఏరి తెచ్చి బుట్టల్లో పోసి, కింద పాత్రలు ఉంచుతారు. పండ్లు మెత్తబడి కొన్నాళ్ళపాటు రసం బొట్టుబొట్టుగా పాత్రలోకి దిగుతుంది. ఆ రసాన్ని కట్టెల పొయ్యిమీద గంటల తరబడి మరిగిస్తే చివరకు కాకంబి వలె నల్లగా, చిక్కగా మిగిలేది కొంచెమే. దానిని కచంపులి అంటారు. సీసాలో పోసి ఉంచితే ఏండ్ల తరబడి చెడదు. ఆ మాట చివరనున్న 'పులి' మన పులిహోరలోని 'పులి'కి తోబుట్టువే. కూర పేరు 'పంది కరి'. ఆ మొదటి మాటను తెలుగు పాఠకుడికి అనువదించి చెప్పవలసిన పని లేదు.

విరాజపేట ప్రాంతంలో మాకు ఆతిథ్యమిచ్చిన ఒక గృహిణి ఆ కూరను మా ఎదుటనే వండినారు. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఆవాలు, కొద్దిగా మెంతులు విడివిడిగా మూకుట్లో వేయించారు. దోరగా వేగినప్పుడు మనం దించివేస్తాము. ఆమె దించలేదు. గింజలు మాడీ మాడని స్థితికి వచ్చి, కాఫీగింజల రంగు దాటి నలుపెక్కిన తరువాత దించి పొడి కొట్టారు. తోలు, కొవ్వు తీయకుండా కోసిన ముక్కలకు పసుపు, ఉప్పు పట్టించి, ఉల్లి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప దంచి వేసి, మూత పెట్టి సన్నని మంటమీద ఉడికించారు. నూనె దాదాపు వేయలేదు. మాంసంలోని కొవ్వే కరిగి దానికి నూనె అయింది. ముక్క మెత్తబడిన తరువాత ఆ నల్లని పొడి, చిట్టచివర కచంపులి పడ్డాయి. కిలో మాంసానికి రెండు మూడు చెంచాలకు మించలేదు. అంతవరకు గోధుమరంగులో ఉన్న కూర క్షణంలో నల్లబడింది. గదిలో ఉన్న కొవ్వు వాసన అణగి, అడవిపండు పరిమళం లేచింది.

"చింతపండు పోసినా కూర అవుతుందండీ. కానీ దానిని మేము పంది కరి అనము" అన్నారామె నవ్వుతూ.

దానితోపాటు వడ్డించేది కడంబుట్టు. బియ్యపు రవ్వను ఉడికించి, ఉండలు చేసి, ఆవిరిమీద మళ్ళీ ఉడికించిన తెల్లని ముద్దలవి. నల్లని కూరలో తెల్లని ఉండను విరిచి అద్దుకొని తినాలి. నాట్లు ముగిసిన తరువాత సెప్టెంబరు ఆరంభంలో వచ్చే కైల్‌పోళ్ద్ పండుగనాడు ఆయుధాలకు పూలు అలంకరించి పూజించి, ఈ భోజనమే చేస్తారు. ఒకప్పుడు ఆ పండుగతో వేటకాలం ప్రారంభమయ్యేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అడవిపందికి మారుగా పెంపుడుపంది వచ్చింది. మాంసం మారినా కూర మారలేదు, ఎందుకంటే పులుపు మారలేదు.

అయితే ఆ పులుపుకు కావలసినవి కొన్ని ఉన్నాయి. వానలో తడుస్తూ పండ్లు ఏరే ఓపిక కావాలి, పొయ్యిలో కట్టెలు కావాలి, మరిగేదాకా పక్కనుండే మనిషి కావాలి. చదువులకు, ఉద్యోగాలకు పిల్లలు పట్నాలు చేరిన ఇండ్లలో ఈ మూడూ కరవవుతున్నవి.

గోవా: వెల్లుల్లి తెచ్చినది, కల్లు మార్చినది

అవే కనుమల అంచు వెంట ఉత్తరంగా సాగి సముద్రతీరానికి దిగితే గోవా చేరతాము. పోర్చుగీసులు 1510లో దీనిని ఆక్రమించి, 1961 డిసెంబరులో విడిచారు. నాలుగున్నర శతాబ్దాల పాలన కోటల్లోను, చర్చిల్లోను ఎంత కనబడుతుందో వంటింట్లోనూ అంత కనబడుతుంది.

పోర్చుగల్లో ద్రాక్షమద్యంలోను, వెల్లుల్లిలోను మాంసాన్ని నానబెట్టి వండే పద్ధతి ఒకటి ఉన్నది. ఆ భాషలో మద్యాన్ని 'వీన్యు' అని, వెల్లుల్లిని 'అల్యు' అని అంటారు. ఆ రెండు మాటలూ కలిసిన వంటకం పేరు కొంకణి నాలుకమీద నలిగి 'విందాలూ' అయింది. అందులో 'ఆలూ' అన్న ధ్వని విని బంగాళాదుంపలు వేసే హోటళ్ళు ఉత్తరాదిన కొల్లలు. గోవా ఇల్లాలు ఆ పని చేయదు. ఇంగ్లాండులోని భారతీయ భోజనశాలల్లో ఈ పేరు విపరీతమైన కారానికి పర్యాయపదమై, అసలు సంగతియైన పులుపు వెనుకబడిపోయింది.

పేరు పడమటినుంచి వచ్చినా రుచి ఇక్కడే పుట్టింది. గోవాలో ద్రాక్షమద్యం దొరకదు, కొబ్బరికల్లు దొరుకుతుంది. చెట్టునుంచి దించిన కల్లును కుండలో ఉంచితే అందులోని చక్కెర మొదట మద్యంగా, తరువాత గాలిలోని సూక్ష్మజీవుల మూలంగా ఆమ్లంగా మారుతుంది. అదే కల్లు వెనిగర్. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క ఈ వెనిగర్‌తోనే నూరి, ముక్కలకు పట్టించి రాత్రంతా ఉంచుతారు. మిరపకాయ సైతం అమెరికా ఖండంనుంచి పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చినదే. వండేటప్పుడు నీరు చాలా తక్కువగా పోస్తారు. ఆమ్లంలో సూక్ష్మజీవులు పెరగలేవు గనుక, మంచుపెట్టెలు లేని రోజుల్లో ఈ కూర రోజుల తరబడి నిలిచేది.

సొర్పొతెల్ అనే మరొక వంటకానికి ఇంకా ఎక్కువ ఓర్పు కావాలి. మాంసంతో పాటు కార్జం, గుండెకాయ మొదలైన వాటిని ముందు ఉడికించి, చిక్కుడుగింజలంత ముక్కలుగా కోసి, వాటి కొవ్వులోనే వేయించి, మసాలాతోను వెనిగర్‌తోను మళ్ళీ వండుతారు. వండిననాడు తినరాదని గోవావారి మాట. రోజుకొకసారి వెచ్చబెడుతూ మూడవనాటికి తింటేనే రుచి. క్రిస్మస్ వంటకు రెండు మూడు రోజుల ముందే పొయ్యి రాజుకునేది ఇందుకే. తోడుగా వడ్డించే సన్నాలు మన ఇడ్లీకి చెల్లెళ్ళు. వాటి పిండిని పొంగించేది కూడా కల్లే. మపుసా శుక్రవారపు సంతలో ఎర్రని పూసలదండల వలె వేలాడే సాసేజీలు సరే సరి. వాటిలోనూ ఎండుమిరప, వెనిగర్, ఎండ మూడూ కలిసి మాంసాన్ని కాపాడుతున్నవి.

ఈ వంటకపు బంధువులు ప్రపంచమంతటా ఉన్నారు. అట్లాంటిక్ సముద్రంలోని మడైరా దీవిలో నేటికీ క్రిస్మస్‌కు వెల్లుల్లి, మద్యం పట్టించిన పంది మాంసమే వండుతారు. 1835 మొదలు ఆ దీవినుంచి చెరకు తోటల్లో పనికై నేటి గయానాకు వలసపోయిన కూలీలు ఆ వంటను అక్కడికి తీసుకుపోయారు. ఆ తరువాత మన దేశపు కూలీలు కూడా చేరిన ఆ దేశంలో అది ఇప్పటికీ పండుగ వంటకం. ఫిలిప్పీన్స్ దీవుల్లో వెనిగర్, వెల్లుల్లి, మిరియాలు, బిరియాని ఆకులతో వండే 'అడోబో'కు పేరు పెట్టినవారు స్పెయిన్ దేశస్థులు. వెనిగర్‌లో వండే అలవాటు మాత్రం వారు రాకముందే ఆ దీవుల్లో ఉన్నది. ఎక్కడ ఏ పులుపు దొరికితే అక్కడి మాంసం ఆ పులుపును ఆశ్రయించింది.

గోవాలో ఆ పులుపును దించే మనిషిని 'రెందేర్' అంటారు. మన గీతకార్మికుని వంటివాడే. ఒక్కొక్క చెట్టును రోజుకు మూడుసార్లు ఎక్కి దిగాలి. పడితే ప్రాణమే పోవచ్చు, ఎక్కితే వచ్చే ఆదాయం స్వల్పం. అతని కుమారుడు ఓడలోనో, హోటలులోనో ఉద్యోగం చూసుకుంటే తప్పు పట్టగలవారెవరు? కల్లు తగ్గినకొద్దీ కృత్రిమ వెనిగర్ సీసా వంటింట్లోకి వస్తున్నది. అందులో ఆమ్లం ఉన్నది గాని, కల్లు వెనిగర్‌లోని చిరుతీపి, కొబ్బరిమొవ్వు పరిమళం లేవు. గోవా పెద్దలు మొదటి ముద్దలోనే తేడా కనిపెడతారు.

నాగభూమి: పొగలో పండిన రుచి

పడమటి తీరాన్ని విడిచి దేశపు తూర్పు కొసకు వెళితే పంది మాంసం ఇంకొక రూపం ధరిస్తుంది. రైలు దిగే దిమాపూర్ నుంచి కొహిమా 70 కిలోమీటర్ల కొండదారి. ఆ కొండల్లో వంటింటికి నడుమ పొయ్యి, పొయ్యికి పైన వెదురు అటక ఉంటాయి. కొవ్వుతో సహా పొడవుగా కోసిన మాంసాన్ని ఆ అటకకు వేలాడదీస్తారు. పొద్దస్తమానం రగిలే కట్టెల పొగ ముక్క పైభాగాన్ని ఎండబెట్టి, తనలోని పదార్థాలతో కుళ్ళకుండా కాపాడుతుంది. వారాలు గడిచిన ముక్క చూడడానికి బొగ్గు వలె నల్లగా ఉన్నా, కోస్తే లోపల ఎర్రని చార, తెల్లని చార పక్కపక్కనే మెరుస్తుంటాయి.

ఇక్కడి పులుపు వెదురుది. వానలకు నేలను చీల్చుకొని వచ్చే లేత వెదురు కొమ్ములను పొట్టు ఒలిచి, దంచి, కోసుగా అల్లిన వెదురుబుట్టలో కూరి పులియనిస్తారు. కింద దిగే పుల్లని నీటిని సీసాల్లో పట్టుకుంటారు. అది వారి వెనిగర్. మన్యంలో కొమ్ముల కూర తిన్న తెలుగువారికి ఆ వాసన కొత్త కాదు. పొగబెట్టిన మాంసాన్ని వేడినీటితో కడిగి, నీటిలో ఉడికించి, వెదురు కొమ్ము, అల్లం, వెల్లుల్లి, ఒకటి రెండు రాజా మిరపకాయలు వేస్తే కూర పూర్తి అయినట్టే. నూనె, పసుపు, మసాలా ఏమీ ఉండవు. ఆ మిరపకు జ్ఞాతియైన అస్సాం భూత్ జొలోకియా 2007లో ప్రపంచంలోకెల్లా కారమైనదిగా గిన్నిస్ గ్రంథానికెక్కింది. కనుక ఒకటి రెండు అన్న లెక్కను అతిథి గౌరవించడం మంచిది.

పులుపు ఒక్కటే కాదు, ఈ కొండల్లో తెగకొక పరిమళం ఉన్నది. సుమీ నాగాలు ఉడికించిన సోయా చిక్కుడు గింజలను ఆకులో చుట్టి, పొయ్యి దగ్గర మూడు నాలుగు రోజులు ఉంచి 'అఖుని' చేస్తారు. జపానువారి నట్టో, సిక్కిం ప్రాంతపు కినెమా దీని సోదరులు. ఆవో నాగాలు చామ ఆకులను పులియబెట్టి, బిళ్ళలుగా తట్టి, పొగమీద ఆరబెట్టి 'అనిషి' చేస్తారు. మేఘాలయలో ఖాసీలు నల్లనువ్వులు వేయించి నూరి పంది మాంసంలో కలుపుతారు. నువ్వులపొడి విలువ ఎరిగిన తెలుగు నాలుకకు వీటన్నిటిలోనూ తొందరగా దగ్గరయ్యేది ఈ చివరిదే.

అఖుని వాసన ఘాటైనది. చదువుకో, ఉద్యోగానికో మహానగరాలకు వచ్చిన ఈశాన్య యువతీయువకులకు ఆ వాసన ఇంటిమీది బెంగను తీర్చే మందు. పక్కవాటావారికి అది ఫిర్యాదుకు కారణం. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థుల భద్రతకోసమని వెలువరించిన పుస్తికలో వెదురు కొమ్ము, అఖుని వంటివి వండేటప్పుడు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగనీయవద్దని హితవు చెప్పారు. విమర్శ చెలరేగింది. 2019లో 'అఖుని' పేరుతోనే ఒక చలనచిత్రం వచ్చింది. స్నేహితురాలి పెండ్లికి ఆ కూర వండడానికి ఢిల్లీలో ఒక మిత్రబృందం పడే పాట్లే దాని కథ. ఇంగువ వాసన, ఎండుచేపల వాసన, ఆవకాయ కలిపిననాటి ఘాటు భరించగలిగిన దేశం ఒక గిన్నెడు సోయా చిక్కుళ్ళ వాసనను భరించలేదా అన్న ప్రశ్నకు మనమందరం జవాబు చెప్పవలసి ఉన్నది.

పెరటి పందికి వచ్చిన ఆపద

ఈ వంటలకు ఇప్పుడు ఏర్పడిన ముప్పు పొరుగింటి ముఖం చిట్లింపు కంటె పెద్దది. 1921లో కెన్యానుంచి మొదటిసారి వర్ణించబడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వ్యాధి 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. మనదేశంలో అది కనబడడం అదే మొదలు. ఈ వ్యాధి మనుషులకు సోకదు. పందికి సోకితే మాత్రం చికిత్స లేదు, బ్రతకడం అరుదు. త్వరలోనే ఈశాన్య రాష్ట్రాలన్నిటికీ, ఇతర ప్రాంతాలకూ పాకింది. 2021 మొదలు మిజోరంలో వేలకువేలు పందులు చనిపోయాయి. వ్యాప్తిని ఆపడానికి మరి కొన్ని వేలను చంపవలసి వచ్చింది.

ఈశాన్యపు కొండ ఊళ్ళలో పెరట్లోని పంది ఒక చిన్న బ్యాంకు వంటిది. దానిని మేపేది ఎక్కువగా ఇల్లాలే. వంటింటి కుడితి, చామ ఆకులు, తవుడు దాని ఆహారం. పిల్లల ఫీజు కట్టవలసిననాడో, జబ్బు చేసిననాడో దానిని అమ్ముతుంది. ఆ కుడితితోనే చిక్కు. వ్యాధి సోకిన మాంసపు ముక్క ఏదైనా కుడితిలో పడితే వైరస్ పెరట్లోకి వస్తుంది. పొగబెట్టిన మాంసంలోనూ అది చాలా కాలం సజీవంగా ఉండగలదు. తరతరాల పొదుపు అలవాటు ఇప్పుడు ప్రమాదకరమైంది. కుడితిని బాగా మరిగించి చల్లార్చి పోయమని పశువైద్యులు ఊరూరా చెబుతున్నారు.

వ్యాధికి ముందే పందుల సంఖ్య తగ్గుముఖం పట్టింది. 2012 నుంచి 2019 లోపల దేశంలో 12 శాతం తగ్గింది. సంఖ్యతోపాటు పోతున్నవి స్థానిక జాతులు. నాగాలాండ్‌లోని తెన్యీ వో, మేఘాలయలోని నియాంగ్ మేఘా, మిజోరంలోని జోవాక్, అస్సాంలోని డూమ్, ఉత్తర బెంగాల్‌లోని ఘుంగ్రూ, గోవాలోని అగోండా గోవన్ వంటి జాతులను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ గుర్తించి నమోదు చేసింది. గౌహతి సమీపాన రాణి అనే చోట 2002లో నెలకొన్న జాతీయ పంది పరిశోధన కేంద్రం దేశీయ ఘుంగ్రూను, విదేశీ హాంప్‌షైర్‌ను కలిపి 'రాణి' అనే సంకరజాతిని రూపొందించింది. అయినా పెరట్లో రోగం రాకుండా కాపాడేది చివరకు ఆ ఇల్లాలి జాగ్రత్తే.

వంటకాన్ని పుస్తకంలో వ్రాసి భద్రపరచవచ్చును. పై వర్ణనలు చదివి ఎవరైనా ఈ కూరలు వండవచ్చు కూడా. ముక్కలో ఎక్కడా పచ్చి మిగలకుండా సన్నని మంటమీద నిదానంగా ఉడికించాలన్న నియమం ఒక్కటి మూడు సీమలకూ ఉమ్మడి. కచంపులికి బదులు చింతపండు, కల్లు వెనిగర్‌కు బదులు అంగడి సీసా వేస్తే కడుపు నిండుతుంది. కానీ పండ్లు ఏరే చేయి, చెట్టెక్కే కాలు, పొయ్యి ఆరనీయని ఇల్లు పుస్తకంలోకి ఎక్కవు. అవి ఉన్నంత కాలమే ఆ పులుపు ఉంటుంది. ఆ పులుపు ఉన్నంత కాలమే ఆ కూరకు ఆ పేరు చెల్లుతుంది.

కనుక మడికేరికో, మపుసాకో, కొహిమాకో వెళ్ళే యాత్రికుడు మాంసం తినేవాడైనా, కాకపోయినా, సంతలో ఒక సీసా స్థానిక పులుపును అడిగి కొనుక్కోవచ్చు. దానిని ఇంటికి తెచ్చి వంకాయ పులుసులో వేసుకున్నా తప్పు లేదు. ఆ నాలుగు రూపాయలు ఏ చెట్టు కిందికి చేరాలో అక్కడికే చేరతాయి.